సీసా వేడెక్కేదాకా

సీసాకి చుట్టిన కరెంటు దుప్పటి మీద చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపు ఆనించి చూసింది. ఇంకా వెచ్చబడలేదు. పిల్లల నుదురు కూడా ఇలాగే చూడాలి, అరచెయ్యి పనిచేసి పనిచేసి మొద్దుబారిపోయి ఉంటుంది, వేళ్ళ వెనకే అసలు తెలిసేది అని అమ్మ నేర్పింది; బండ్లు బాగుచేసే షెడ్డులో తను ఈ నీలం సీసాని అలా తడిమి చూస్తుంటే నాన్న పగలబడి నవ్వేవాడు, జ్వరమొచ్చిందేమే తూకాలమ్మా నీ సీసాకి, మాత్ర వెయ్యమంటావా అని. పిల్లలకైతే తగ్గాలని చూస్తాం నాన్నా, దీనికి రావాలని చూస్తాం అనేది తను. సీసాలో ఉన్నది నైట్రస్, పోటీ బండికి ఒక్కసారిగా బలమిచ్చే వాయువు. చల్లగా ఉంటే బద్ధకంగా కదులుతుంది, వెచ్చబడి లోపల ఒత్తిడి పెరిగితేనే, చెల్లెలు మీట నొక్కగానే ఒక్క గంతులో ఇంజన్‌లోకి దూకుతుంది. ఇంకో గంట పడుతుందేమో. అది వేడెక్కితే ఆఖరి పోటీ. అది అయిపోతే బండి వేరేవాళ్ళ సొంతం. ఎదురుగా పాత విమానాల రన్‌వే ఎండలో చెమటపట్టిన వీపులా మెరుస్తోంది, మైకులో ఎవరో ఎవరి నంబరో పిలుస్తున్నాడు, రెండు బండ్లు ఒక్కసారి అరిచి దూరమై ఈగల్లా అయిపోయాయి. తను బండిలో నడిపేవాళ్ళ పక్క సీట్లో, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, రెండు తలుపులూ తెరుచుకుని కూర్చుంది. ట్రాలీ నీడలో నేలమీద చెల్లెలు పడుకుని ఉంది, ముఖం మీద తువ్వాలు, ఒక కాలికి బూటు ఉంది, రెండో కాలు ఉత్తిది. ఆ ఉత్తికాలు నిద్రపోవడం లేదు. గాల్లో లేని పెడల్ని తొక్కుతోంది, వదులుతోంది, తొక్కుతోంది.

ఆ కాలు చూడకూడదని తల తిప్పుకుంది. తిప్పుకుంటే ఎదురుగా గేజీ. గుండ్రటి ముఖం, సన్నటి ముల్లు, ఇంజన్ ఆగి ఉంది కాబట్టి ముల్లు ఒక మూలకి ఒరిగి నిద్రపోతోంది, నువ్వైనా నిద్రపోతున్నావు, అదృష్టవంతురాలివి అనుకుంది, అనుకుని, ఇనప ముక్కని చూసి కుళ్ళుకునే దాకా వచ్చానా అని తనలో తను సిగ్గుపడింది. పొగగొట్టంలో ఇంజన్‌కి దగ్గరగా బొటనవేలంత ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. కాలి బయటికి పోయే పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో అది పసిగడుతుంది, దాన్నిబట్టి ఒక వంతు పెట్రోలుకి తూకంలో ఎన్ని వంతుల గాలి కలిసిందో ఈ ముల్లు చెబుతుంది. అంకె పెరిగితే మిశ్రమం పల్చనైనట్టు, తగ్గితే చిక్కనైనట్టు. పల్చనైతే మంట ముదిరి పిస్టన్‌ని కొరుక్కుతింటుంది. మరీ చిక్కనైతే ఏమీ కాదు. ఏమీ కాదు, అంతే, బండికి ఊపిరాడనట్టు ఉంటుంది, సగం పెట్రోలు కాలకుండానే పొగైపోతుంది, బలం తగ్గుతుంది, ప్రమాదం మాత్రం ఉండదు. నైట్రస్ దూకినప్పుడు ముల్లు పన్నెండు దగ్గర నిలబడాలి. నిలబడుతోంది. ప్రతి పోటీలోనూ చక్కగా పన్నెండు దగ్గర నిలబడుతోంది, చెల్లెలు ఆ ముల్లుని కంటికొసతో చూసుకుని, మా అక్క తూకం తప్పదు అని ధీమాగా తొక్కుతోంది. అది పన్నెండు కాదు. అసలది పదకొండు. సెన్సర్‌కీ గేజీకీ మధ్య చిన్న పెట్టె ఉంటుంది, సెన్సర్ ఏ మాట అంటే గేజీ ఏ అంకె చూపాలో దాంట్లో రాసుకోవచ్చు, ఆ రాతని ఒక్క వంతు పక్కకి జరిపింది తను. ముందు పెట్రోలు పెంచింది, పెంచిన సంగతి కనబడకుండా గేజీని జరిపింది. మొదటిది జాగ్రత్త. రెండోది? రెండోదానికి ఏం పేరు పెట్టుకుంటుంది? ఎన్ని రాత్రులు కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, ఆ రెండోదానికి కూడా జాగ్రత్త అనే పేరే పెట్టి చూసింది, అంటుకోలేదు.

పొద్దున్న ట్రాలీ మీదికి బండెక్కిస్తున్నప్పుడు చెల్లెలు ఆ మాట అనకపోయి ఉంటే ఇవాళ్టి రోజు కూడా గడిచిపోయేది. తాడు బిగిస్తూ, ముఖం చూపించకుండా, మామూలుగా, ఉప్పు అయిపోయిందన్నంత మామూలుగా అంది. "నా కాలు చచ్చిపోయిందే అక్కా." తను వినబడనట్టు ఇంకో తాడు వెతుక్కుంది. "నిజంగానే. నువ్వు పెట్టింది పెట్టినట్టే ఉంది, బండి బండిలాగే ఉంది, ప్రతిసారీ సగం బండి దూరంలో ఓడిపోతున్నాను. అంటే నేను ఆలస్యంగా తొక్కుతున్నట్టేగా. వయసైపోయిందే. మిడత కాదు, గొంగళిపురుగైపోయాను." మిడత అని నాన్న పెట్టిన పేరు. ఇంట్లో ఒకచోట కూర్చునేది కాదు, మంచం మీంచి కుర్చీ మీదికి, కుర్చీ మీంచి నాన్న వీపు మీదికి. తను నవ్వింది, నవ్వడం ఒక్కటే చేతనైంది, గొంగళిపురుగు ఎప్పటికైనా రెక్కలొచ్చి ఎగురుతుందిలేవే అంది, ఎంత బాగా అంది, ఎంత నున్నగా జారింది నోట్లోంచి, అబద్ధం ఆడేవాళ్ళకి మంచి మాటలు ఎలా తోస్తాయో. చెల్లెలు మాత్రం నవ్వలేదు. ఇవాళ్టితో ఆపేస్తాను, బండిని టైర్ల షాపాయనకి అమ్మేస్తాను, మాట కూడా ఇచ్చేశాను అంది. ఎప్పుడు ఇచ్చావని అడగబోయి నాలుక మడిచేసుకుంది. చచ్చిపోయిందే. ఆ ముక్క ఇంతకుముందు విన్నది. ఆ గొంతు కాదు, ఆ ముక్కే, అదే ఓడిపోయిన మామూలుతనంతో.

నాలుక చచ్చిపోయిందే, అన్నాడు నాన్న. చేతిలో టీ గ్లాసు. షెడ్డు గుమ్మంలో, ముక్కాలిపీట మీద. ఒంట్లో చక్కెర ఎక్కువైందని డాక్టరు చెప్పాక అమ్మ తనని వంటింట్లోకి పిలిచి, ఇవాళ్టినుంచి మీ నాన్న టీలో కొంచెం కొంచెంగా తగ్గించెయ్, చెప్పకు, చెబితే ముఖం ఇంత చేసుకుంటాడు, గోల, మెల్లిగా తగ్గిస్తే తెలియను కూడా తెలియదు అంది. టీ పెట్టేది తను. చెంచా తలగొట్టింది, కొన్నాళ్ళకి ముప్పావు చేసింది, సగం చేసింది. ఏంటే ఇవాళ చప్పగా ఉంది అనేవాడు. రోజూ వేసినంతే వేశాను నాన్నా. ఎంత సునాయాసంగా అనేది, గ్లాసు కళ్ళెదురుగా పట్టుకుని. రోజూ వేసినంతే. కొన్నాళ్ళు అడిగాడు, తర్వాత అడగడం మానేశాడు, తర్వాత ఒకరోజు, ఎవరినీ నిందించకుండా, నాలుక చచ్చిపోయిందే, వయసు అన్నాడు. తనకీ అమ్మకీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే నవ్వొచ్చింది అప్పుడు. నవ్వారు కూడా, వంటింట్లో, కొంగు అడ్డం పెట్టుకుని. ఇది అంతటితో ఆగి ఉంటే బాగుండేది. నాన్న బండిని ముక్కుతో చూసేవాడు. పొగగొట్టం వెనక వంగి, అత్తరు చూసినట్టు, చేత్తో గాలిని ముక్కువైపు విసురుకుని, చిక్కగా ఉంది, కొంచెం పెట్రోలు తగ్గించు అనేవాడు. ప్లగ్గు విప్పి దాని కొసని దీపం కింద పెట్టి రంగు చూసి, పల్చగా ఉంది, తెల్లబడింది చూడు, ఇంకొంచెం నడిస్తే చస్తుంది అనేవాడు. ల్యాప్‌టాప్ వచ్చిన కొత్తలో, సెన్సర్ కొత్తలో, ఒక బండి వెనక వంగి గాలి విసురుకుని ఆగిపోయాడు. చిక్కగా ఉన్నట్టుందే, ఏమోనే, నా నాలుక సంగతి తెలిసిందేగా, ముక్కు మాత్రం ఏం మిగిలి ఉంటుంది, నీ కంప్యూటర్ని అడుగు అన్నాడు. అడిగింది. కంప్యూటరు నాన్న ముక్కు చెప్పిందే చెప్పింది. తెర మీద అంకె చూసింది, నాన్న ముఖం చూసింది. నీ ముక్కు కరెక్టే నాన్నా, నీ నాలుకకి కూడా ఏం కాలేదు, మేం చక్కెర తగ్గించాం అనాలి. అంకె చదివింది, అంతే. పదకొండు పైన ఎంతో. ఆ అంకె ఆయనకి అర్థం కాదు, అర్థం కాదని తనకి తెలుసు. కొత్త తెర వెలుగు ముఖం మీద పడుతుంటే షెడ్డంతా తనని చూస్తున్నట్టు ఉంది ఆ రోజు, ఆ ముచ్చటలో ఉంది తను. ఆ తర్వాత ఆయన పొగగొట్టాల వెనక వంగడం చూడలేదు. ముక్కాలిపీట గుమ్మంలోకి జరిగింది. ఆయన పోయేదాకా అక్కడే.

వేళ్ళ వెనకవైపు ఆనించింది. గోరువెచ్చన. సీసా మీద ఉన్న ఒత్తిడి గేజీ కూడా కొంచెం లేచింది, ఇది మాత్రం నిజమే చెబుతుంది, దీన్ని ఎవరూ జరపలేదు. పక్క వరసలో ఎవరో బండి స్టార్ట్ చేసి ఊరికే రంకెలు వేయిస్తున్నారు, కాలని పెట్రోలు వాసన కళ్ళలోకి వచ్చింది, చిక్కగా ఉంది అనుకుంది, వెంటనే, అబ్బో ముక్కు ఉందే నాకు అనుకుంది. బండి అంటుకున్న రోజున వచ్చిన వాసన ఇది కాదు. అది కాలిన జుట్టు వాసన. బండిలోని పాత పెట్రోలు పంపు, నైట్రస్ అడిగినంత పెట్రోలు చివరి వరకూ అందించలేకపోయింది, పరుగు చివర్లో ముల్లు పల్చటివైపు ఎక్కడం మొదలుపెట్టింది, అదంతా తర్వాత ల్యాప్‌టాప్‌లో గీతగా చూసింది తను, కొండెక్కినట్టు ఎక్కిన గీత. పంపు మారుద్దామని ముందు వారమే అనుకున్నారు, ఈ ఒక్కసారికీ పరవాలేదులే అన్నది తనే. పరుగు చివర పిస్టన్ కరిగి, ఇంజన్ పక్కన గొట్టం తెగి, బానెట్ కింద మంట. చెల్లెలు కూతురు తన ఒళ్ళో కూర్చుని ఉంది. అదిగో పెద్దమ్మా, అమ్మ బండికి పొగొస్తోంది అని చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు. పిల్లని ఎవరి చేతిలో పెట్టిందో గుర్తులేదు, పరుగెత్తింది, చెప్పు ఎక్కడో ఊడిపోయింది, అంత పొడుగు రన్‌వే ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. చేరేసరికి చెల్లెలు బయట నిలబడి ఉంది, హెల్మెట్ అద్దం పైకెత్తి ఉందేమో కనుబొమలు రెండూ లేవు, గుడ్డులా ఉంది ముఖం. నవ్వుతోంది. "రోజూ దిద్దుకునే పని తప్పింది" అంది. తను కూలబడి, కాలిన తారు మీద, నడిరోడ్డు మీద తప్పిపోయిన పిల్లలా ఏడ్చింది, చెల్లెలే వీపు నిమిరింది, కాలింది నాది, ఏడుపు నీదీ ఏంటే అని.

కొత్త పంపు వేశారు. కొత్త ఇంజన్ కట్టారు. పంపు సరిపోతుంది, ఇంజన్ బాగుంది, అన్నీ సరిగ్గా ఉన్నాయి, అయినా మొదటి పరుగు ముందు తన వేళ్ళు కాస్త పెట్రోలు పెంచాయి. అది తప్పు కాదు. ఎవరైనా పెంచుతారు, జాగ్రత్తపరులు అందరూ పెంచుతారు. చెప్పి పెంచింది కూడా, చెల్లెలు సరేలే అంది. తర్వాతి పరుగుకి ఇంకొంచెం. చలి తగ్గినా పిల్లకి స్వెట్టరు మీద స్వెట్టరు తొడిగే తల్లుల్లాగ. అప్పుడు చెల్లెలు ముల్లు చూసి, ఏంటే ఇంత కింద ఉంది, బండి దగ్గుతోంది, తగ్గించు అంది. అలాగే అంది తను. ల్యాప్‌టాప్ తెరిచింది. పెట్రోలు తగ్గించడానికే తెరిచింది, ఒట్టు, తగ్గించడానికే. మీట మీద వేలు పెట్టగానే చప్పట్లు వినిపించాయి. పెట్రోలు తగ్గించలేదు. గేజీని జరిపింది. ఇప్పుడు చూడు అంది. చెల్లెలు ఒక చుట్టు తిప్పుకొచ్చి, ఆఁ, ఇప్పుడు బాగుంది, తేడా తెలుస్తోంది అంది. తేడా తెలుస్తోందట! ఏ తేడా? ఏమీ మారలేదే, ముల్లు ఒక్కటి తప్ప. తన మీద అంత నమ్మకం దానికి, ఒళ్ళు చెప్పేదాని కంటే అక్క పెట్టిన ముల్లు చెప్పేదే నిజం. నాన్న ముక్కు కంటే తెర మీద అంకె నిజమైనట్టు. తను ఇంట్లో అందరి ఒళ్ళనీ అబద్ధాలకోర్లని చేసింది.

"ఏం అక్కగారూ, సీసాకి లాలిపాట పాడుతున్నారా?"

టైర్ల షాపాయన. తలుపు మీద మోచెయ్యి ఆనించి వంగాడు, నుదుట పట్టిన చెమట ల్యాప్‌టాప్ మీద పడుతుందేమోనని అరచెయ్యి అడ్డం పెట్టుకుని. చెడ్డవాడు కాదు. కొన్నాళ్ళుగా ప్రతిసారీ సగం బండి దూరంలో గెలుస్తున్నవాడు, గెలిచి వచ్చి ముందు చెల్లెలికి మంచినీళ్ళ సీసా ఇచ్చేవాడు. ఆఖరి పోటీ ఆయనతోనే. "పాడుతున్నాను, నిద్ర రావట్లేదు దానికి" అంది.

"రాదు మరి, మీ బండి అన్ని సిగరెట్లు కాలిస్తే. నేను పక్క దారిలో వస్తానా, అద్దంలో చూస్తే నల్లటి పొగ. దానికి దగ్గుమందు పట్టించండి."

"పాత బండి కదండీ."

"పాతదైతేనేం, మంచి ఒళ్ళు. సోమవారం మా షెడ్డుకి తీసుకెళ్ళి కొత్త సెన్సర్ వేసి, మా వాళ్ళ కంప్యూటర్‌కి కట్టి చూస్తాను. మీరు పెట్టింది మార్చనులెండి, మీ చేతి పని అంటే నాకు గౌరవం. ఊరికే చూసుకుంటాను." నేల మీదికి చూసి గొంతు తగ్గించాడు. "చెల్లెమ్మ నిజంగా మానేస్తోందా? బాధగా ఉందండీ. మంచి కాలు. ఏమైందో ఏమో, ఈమధ్య..." తల ఊపి, తలుపు మీద రెండుసార్లు తట్టి వెళ్ళిపోయాడు.

కొత్త సెన్సర్. కొత్త గేజీ. ఒక్క పరుగు చాలు, ఆయనకి తెలిసిపోతుంది. నవ్వుతాడా? నవ్వడు, గౌరవం ఉంది కదా, పొరపాటేమో అనుకుంటాడు, అక్కగారూ, మీ గేజీ ఒక వంతు తప్పు చూపిస్తోందండీ, చెల్లెమ్మ పాపం ఇన్నాళ్ళూ... అని ఫోన్ చేస్తాడు. తనకి కాదు, చెల్లెలికే చేస్తాడు. అయితే ఇందుకేనా పొద్దుట్నుంచి లోపల ఈ గింజులాట, పట్టుబడతాననా? దాని కాలు కోసం కాదా? నాన్న గుర్తొచ్చిందీ, కళ్ళు మండిందీ, అంతా కూడా పట్టుబడే భయానికి వేసుకున్న ముసుగేనా? చూసుకోబోతే ఒక్కటీ నికరంగా నిలబడదు లోపల, దేన్ని పట్టుకున్నా ఇంకోటి కిందినుంచి వస్తుంది. ఇప్పుడు ల్యాప్‌టాప్ చేతిలో ఉంది. ఒక్క నిమిషం పని. పెట్రోలు తగ్గించి, గేజీ సరిచేసి, మూసేస్తే అన్నీ మాసిపోతాయి, సోమవారం ఆయన చూసుకున్నా అంతా సవ్యంగా ఉంటుంది, చెల్లెలు ఈ ఆఖరిసారి గెలుస్తుంది, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. వేళ్ళు మీటల మీదికి వెళ్ళాయి. వెళ్ళి ఆగాయి. నడిపేవాళ్ళకి చెప్పకుండా బండిలో ఒక్క మర కూడా తిప్పకూడదు, కాలి కింద ఏముందో కాలికి తెలిసి ఉండాలి. అది నాన్న మాట, షెడ్డులో కోపంగా అన్నది అదొక్కటే. బలం తీసేసినప్పుడు చెప్పకపోతే బండి ఓడిపోతుంది, అంతే. బలం తిరిగిచ్చేటప్పుడు చెప్పకపోతే? మెత్తటి తోపుకి అలవాటుపడ్డ చేతులు అవి. మీట నొక్కగానే ఒక్కసారిగా గుర్రంలా లేస్తే, వెనక చక్రాలు పక్కకి జారితే, రన్‌వే పక్కనే గోడ ఉంది. దొంగతనంగా తీసుకోవడం కుదిరింది, దొంగతనంగా తిరిగివ్వడం కుదరదు. ఇస్తే చెప్పి ఇవ్వాలి. లేకపోతే ఇలాగే మూసెయ్యాలి, చెల్లెలు ఇలాగే ఓడిపోయి, బండి ఇచ్చేసి, ఇంటికొచ్చి చెప్పులు విప్పి, కాలు చచ్చిపోయిందని నమ్మి, ఆ కాలితోనే ముసలిదైపోవాలి. గుమ్మంలో ముక్కాలిపీట ఇంకా ఉంది. ఎవరూ తీసెయ్యలేదు దాన్ని.

కానీ బతికి ఉంటుంది కదా. అదొక్కటి ఎవరూ కాదనలేరు కదా. కనుబొమలు మొలిచాయి కదా. గెలవకపోతే ఏం, ఇంటికొచ్చి పిల్లకి జడ వేసి, నవ్వుతూ, అన్నం తిని... నవ్వుతూ? ఈమధ్య దాని నవ్వు ఎప్పుడు చూసింది? పొద్దున్న తను వేసిన జోకుకి కూడా నవ్వలేదు. చక్కెర తగ్గాక నాన్న చాలా ఏళ్ళు బతికాడు. బతికాడు. గుమ్మంలో కూర్చుని బతికాడు. అమ్మ చేసిందీ తప్పు కాదు, డాక్టరు చెప్పిందీ తప్పు కాదు. నాన్నా, ఇవాళ్టినుంచి తగ్గిస్తున్నాం, డాక్టరు వెయ్యొద్దన్నాడు అంటే ఏం చేసేవాడు? రెండు రోజులు అలిగేవాడు. మూడో రోజు తాగేవాడు, చప్పటి టీ తిట్టుకుంటూ, ముక్కు తన దగ్గరే ఉంచుకుని. ఆ రెండు రోజుల అలకకి భయపడి...

వేళ్ళ వెనక వేడి తగిలింది. చురుక్కుమంది. ఒత్తిడి గేజీ ఉండాల్సిన గీత దగ్గరికి వచ్చేసింది. స్విచ్చి ఆపి, దుప్పటి విప్పి మడిచింది, సీసా నీలంగా, చెమటలేని ఒంటితో, బుద్ధిగా కూర్చుని ఉంది. మైకులో వాళ్ళ నంబరు. ఒకసారి. రెండోసారి. ట్రాలీ నీడలో తువ్వాలు కదిలింది, చెల్లెలు లేచి, కళ్ళు చికిలించి, బూటు వెతుక్కుని, ఒంటికాలి మీద గెంతుతూ తొడుక్కుంది. మిడత లాగే. వచ్చి సీట్లో పడి, బెల్టులు లాగి బిగించుకుంది, తాళం తిప్పింది, ఇంజన్ ఒణికింది, ముల్లు లేచి నిలబడింది. "వేడెక్కిందా?"

"వేడెక్కింది."

"అయితే దిగు. ఇదొక్కటీ తొక్కేసి వస్తాను, ఇంటికెళ్ళి స్నానం చేద్దాం."

దిగలేదు. ఒళ్ళో మడిచిన దుప్పటి, దాని మీద ల్యాప్‌టాప్. "గేజీ అబద్ధం చెబుతోందే" అంది.

"ఏ గేజీ?"

"అదే. నేనే చెప్పిస్తున్నాను. అది చూపే పన్నెండు పన్నెండు కాదు, పదకొండు. పెట్రోలు నిండా పోసి పెట్టాను. నీకు కనబడకుండా ముల్లు జరిపాను."

చెల్లెలు ముల్లు వంకే చూస్తోంది, ఎవరో కొత్తవాళ్ళని చూసినట్టు. "ఎప్పట్నించి?"

తన కనుబొమ మీద వేలు పెట్టుకుని చూపించింది. చెల్లెలి వేలు కూడా దానికి తెలియకుండానే దాని కనుబొమ మీదికి వెళ్ళింది, అక్కడ ఆగింది. "అయితే నా కాలు..."

"నీ కాలికేం కాలేదు. ఎప్పుడూ ఏం కాలేదు."

తిడుతుందనుకుంది. తిట్టాలని కోరుకుంది, గట్టిగా, చుట్టుపక్కల వరసలన్నీ వినేటట్టు. చెల్లెలు స్టీరింగ్ మీద రెండు చేతులూ ఉంచి, దాని నడుమ చూస్తూ, "పిచ్చిదాన్ని చేశావు కదే" అంది. గొంతు పెద్దది కూడా కాలేదు. "రాత్రిళ్ళు మంచం మీద కూర్చుని ఈ కాలిని నొక్కుకునేదాన్ని తెలుసా. నూనె రాసి." మైకులో మూడోసారి నంబరు పిలిచారు. ముందు తెల్ల జెండా పట్టుకున్నవాడు ఇటు చూసి చెయ్యి ఊపుతున్నాడు. "ఇంకేమైనా ఉందా? ఇప్పుడే చెప్పెయ్."

"ఉంది. బండి సంగతి కాదు." "నాన్న సంగతి."

చెల్లెలు తల తిప్పి మొదటిసారి ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది, జెండావాడు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. "అది తర్వాత" అంది చివరికి. "ముందు ముల్లు సరిచెయ్."

"చేస్తాను, పెట్రోలు కూడా తగ్గించేస్తాను, ఒక్క నిమిషం, మీట నొక్కగానే గట్టిగా లాగుతుంది, నువ్వు మాత్రం స్టీరింగ్ కొంచెం..."

"పెట్రోలు ముట్టుకోకు." అరవలేదు, కానీ వేళ్ళు ఆగిపోయాయి. "ముల్లు ఒక్కటే సరిచెయ్. ఇన్నాళ్ళూ దేంతో ఓడిపోయానో నా కళ్ళతో నేను చూసుకోవాలి."

సరిచేసింది. ఎంతసేపు పట్టిందని, రెండు మీటలు, అంతే. ముల్లు ఒక్క వంతు కిందికి దిగి, అక్కడ నిలబడింది, ఎప్పట్నించో అక్కడే ఉన్నట్టు. చెల్లెలు దాన్ని చూసి తల ఊపింది, ఎవరో పరిచయం చేస్తే ఊపినట్టు. తను దిగి తలుపు వేసింది. ప్రతిసారీ బండి కప్పు మీద రెండుసార్లు తడుతుంది, పో అని, చెయ్యి లేచింది, కప్పు మీదికి వెళ్ళలేక గాల్లోనే ఆగి కిందికి వచ్చింది. అద్దం పైకి వెళ్ళింది.

పోటీ మొదలయ్యే గీత వెనక నిలబడింది. చేతుల్లో దుప్పటి ఇంకా వెచ్చగా ఉంది, గుండెకి ఆనించుకుంది, ఏదో పసిదాన్ని ఎత్తుకున్నట్టుంది అనుకుని దించేసింది. దీపాలు మారాయి. చెల్లెలి బండి ముందు కదిలింది, నిజంగా ముందే, టైర్ల షాపాయన కంటే ముందు, ఆ కాలు చచ్చిపోలేదు, ఎవరికి కావాలంటే వాళ్ళు చూసుకోవచ్చు, ఇదిగో, ఒక చెయ్యి అంత ముందు, ఒక తలుపు అంత ముందు. అప్పుడు నైట్రస్ దూకింది, శబ్దం మారింది, శబ్దంతోపాటు వెనక గొట్టంలోంచి నల్లగా, చిక్కగా, చుట్టలు చుట్టలుగా పొగ. ఇంత పొగా? ప్రతిసారీ ఇంత వచ్చేదా? తను ప్రతిసారీ ఇక్కడే నిలబడి, బండి క్షేమంగా ఆగే చోటు మీదే కళ్ళుంచి, మధ్యలో ఇది ఎప్పుడూ చూడలేదు. కాలని పెట్రోలంతా ఎండలో తేలుతోంది, ఇటు వస్తోంది. తనకి తెలియకుండానే చెయ్యి లేచి గాలిని ముఖంవైపు విసురుకుంది, నాన్నలాగ. చిక్కగా ఉంది నాన్నా. చాలా చిక్కగా ఉంది. నువ్వు చెప్పిందే. అక్కడెక్కడో దూరాన పక్క బండి దాటేసింది, సగం బండి దూరం, మైకులో టైర్ల షాపాయన పేరు, చప్పట్లు.

తిరిగొచ్చే దారిలో రెండు బండ్లూ మెల్లిగా పక్కపక్కనే వచ్చాయి. టైర్ల షాపాయన తన బండి ఆపి, దిగి, తాళం కోసమేమో చెల్లెలి అద్దం దగ్గర చెయ్యి చాపాడు, నవ్వుతూ. ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు. లోపల హెల్మెట్ తీసేసిన తల అడ్డంగా ఊగడం మాత్రం కనిపించింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, ఆశ్చర్యంగా, తర్వాత రెండు చేతులూ పైకెత్తి సరే సరే అన్నట్టు నవ్వాడు. చెల్లెలి బండి కదిలింది. తన వైపే వస్తోంది, ఎప్పుడూ తన దగ్గరే ఆగి, తలుపు తోసి, ఎక్కవే అంటుంది. దగ్గరికి వచ్చింది. అద్దం దించలేదు, తల తిప్పలేదు. దాటి వెళ్ళిపోయింది.

వెళ్ళి, కొంత దూరంలో ఆగింది. వెనక ఎర్రదీపాలు వెలిగే ఉన్నాయి. కాలు బ్రేకు మీదే ఉంది. బండి వెనక్కి రావడం లేదు, ముందుకి పోవడం లేదు, పక్క తలుపు ఇంకా తెరుచుకోలేదు. తను దుప్పటిని చంకలో పెట్టుకుని, చెప్పాల్సిన రెండో మాట ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటూ, చక్కెర దగ్గరా, చెంచా దగ్గరా, ముక్కాలిపీట దగ్గరా అనుకుంటూ, ఆ ఎర్రదీపాల వైపు నడవడం మొదలుపెట్టింది.